రొట్టె అంచులు

బర్నబాస్ రేపల్లె వచ్చాడంటే ఏదో పని పడినట్టే. ఊరికే వచ్చే మనిషి కాదు. చెల్లెలి పెళ్ళయి పదకొండేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో అతను ఆ గుమ్మం ఎక్కింది మహా అయితే రెండుసార్లు. అదీ తల్లికి ఒంట్లో బాగాలేదని చెప్పిపోవడానికే.

ఆ గురువారం సాయంత్రం వచ్చేసరికి కృష్ణయ్య మిషను మీద బడిపిల్లల నిక్కర్లు కుడుతున్నాడు. సారా గుమ్మంలో వెలుతురు చూసుకుని కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతోంది. అన్నని చూసి ఒళ్ళోని బట్ట పక్కన పెట్టి లేచింది.

"రా అన్నయ్యా. తెనాలి నించేనా? బాపట్ల బడికి వెళ్ళలేదా ఇవాళ?"

"సెలవు పెట్టా" అన్నాడు బర్నబాస్. కృష్ణయ్య లాగిన కుర్చీలో కూర్చున్నాడు. "బావున్నారా కృష్ణయ్యగారూ" అన్నాడు. చెల్లెలి మొగుణ్ణి బావా అని పిలవడానికి అతనికి ఇన్నేళ్ళూ నోరు రాలేదు. కృష్ణయ్య కూడా ఆశ పెట్టుకోలేదు.

సారా ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని తిప్పుతూ చెప్పాడు. "ఈ ఆదివారం అమ్మ ఏడాది కూడిక. సమాధి కట్టించా. చర్చి అయ్యాక అయ్యగారు అక్కడ ప్రార్థన చేస్తారు. మీరిద్దరూ రావాలి."

"అమ్మ కూడికకి పిలవాలా అన్నయ్యా? రేపే వద్దామనుకుంటున్నాం."

"అది గాదు సారా. మొదటి ఆదివారం గదా, ఆ రోజు బల్ల కూడా ఉంది." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు ఈసారి లోపలికి రావాలి. నేను అయ్యగారితో మాట్లాడా. సంఘం ముందు నిలబడి ఒక్క మాట అంటే నిన్ను మళ్ళీ బల్లకి చేర్చుకుంటారు."

బల్ల అంటే ప్రభువు బల్ల. నెలకోసారి చర్చిలో పీఠం ముందు మోకాళ్ళేసి రొట్టె ముక్క, ద్రాక్షరసం పుచ్చుకోవడం. సారా చీరాల పద్మశాలీల అబ్బాయితో గుళ్ళో తాళి కట్టించుకుందని తెనాలి కాలవ అవతలి పేటలోని ఆ సంఘం ఆమె పేరు చదివి, బల్లకి దూరం పెట్టింది. అప్పట్నించి ఆమె ఆ చర్చి మెట్టెక్కలేదు. ఎవరూ రావొద్దనలేదు. మొహం చెల్లక తనే మానేసింది.

"ఏం మాటనాలి అన్నయ్యా?"

"తప్పు చేశానని."

గడగడలాడుతున్న మిషను ఆగింది. కృష్ణయ్య తలెత్తలేదు. సూది కిందనించి బట్ట లాగి, దారం పళ్ళతో తెంపాడు.

"అమ్మ ఆఖరి కోరిక అది" అన్నాడు బర్నబాస్, చెల్లెలి మొహం చూడకుండా. "నువ్వు బల్ల దగ్గర మోకాళ్ళేస్తే చూడాలని ఉండేది ఆమెకి. ఆమె ఉండగా ఎటూ జరగలేదు. ఆమె పేరు చెప్పుకుని అయినా జరగనీ."

సారా కింద పెట్టిన గ్లాసు తీసింది. తన పేరు చదివి తీసేసిన రోజున అమ్మ అక్కడే కూర్చుని ఉండి నోరు విప్పలేదని ఎవరో అప్పుడే చెప్పారు. ఎంతమంది కోసమో నోరు పెట్టుకుని అడిగే అమ్మ, కూతురి విషయంలో మాట్లాడలేదు! ఆ బాధ ముల్లులా లోపలే ఉండిపోయింది. ఎన్నిసార్లు అడగబోయిందో, అడగలేకపోయింది. ఇప్పుడు తెలిసింది గదా ఎందుకు మాట్లాడలేదో, అనుకుంది. అమ్మ కూడా తప్పనే అనుకుంది.

బర్నబాస్ ఆరింటి బండికి వెళ్ళిపోయాడు. కృష్ణయ్య సూదిలోకి దారం ఎక్కించబోయాడు. మొదటిసారి ఎక్కలేదు. దారం తడి చేసి మళ్ళీ ప్రయత్నించాడు.

"చెప్పేసెయ్ సారా. నోటి మాటేగా. నేనేమన్నా అరిగిపోతానా?"

"మిమ్మల్ని చేసుకోవడం తప్పని నలుగుర్లో నిలబడి అనమంటారా?"

"అత్తమ్మ కోరిక అంటన్నాడు గదా. పిల్లా జెల్లా లేరని మా వాళ్ళే నిన్ను నానా మాటలంటే, 'నా పిల్ల గొడ్రాలయితే మీ పిల్లోడు మాత్రం ఏంటయ్యా' అని చీరాల దాకా వెళ్ళి దులిపేసి వచ్చిన మనిషి. నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అన్లేదు. ఆవిడ కోసం ఒక్క రోజు నేను తప్పయితే అవుతాలే."

నవ్వాడు గానీ దారం మాత్రం మళ్ళీ తప్పింది. సారా లేచి, సూది తనే ఎక్కించి ఇచ్చింది.

మర్నాడు పొద్దున తెనాలి పాసింజరు ఎక్కారు. పెనుమూడి నించి వచ్చిన కూరగాయల గంపలతో పెట్టె నిండిపోయింది. కిటికీలోంచి చూస్తే కోతలయిపోయిన మాగాణుల్లో మినప చేలు పరిచినట్టున్నాయి. ఇదే బండిలో, ఇదే బల్లల మీద కూర్చుని వచ్చేది అమ్మ, సామ్రాజ్యమ్మ. ప్రతి నెలా మొదటి ఆదివారం వెళ్ళిన సోమవారం, ఎండ కానీ వాన కానీ, వచ్చేది. తెల్ల చీర, నెత్తిన ముసుగు, చేతిలో బైబిలు సంచి. ఆ సంచిలో చిన్న తెల్ల గుడ్డ మూట.

చర్చికి రొట్టె చేసేది సామ్రాజ్యమ్మే. పెళ్ళయి ఆ పేటకి వచ్చిన నాటినించీ ఆ పని ఆమెదే. గుండ్రంగా చేసిన రొట్టెని చదరంగా కోసి, చిన్న చిన్న ముక్కలు చేసి పళ్ళెంలో పెడితే, చుట్టూ అంచులు మిగిలేవి. ఆ అంచులు చిన్నప్పుడు సారావి. పొయ్యి పక్కన కూర్చుని అమ్మ కత్తి ఎప్పుడు దించుతుందా అని చూసేది. సారా రేపల్లెలో కాపురం పెట్టాక కూడా సామ్రాజ్యమ్మ ఆ అంచులు మూటగట్టి తెచ్చేది. కాళ్ళు కడుక్కుని, చాప వేసుకుని, "రా అమ్మాయ్, మీ ఆయన్నీ పిలువు" అనేది. కళ్ళు మూసుకుని చిన్నగా ప్రార్థన చేసి, తుంచి ముందు అల్లుడికీ, తర్వాత కూతురికీ పెట్టి, చివర తనో ముక్క నోట్లో వేసుకునేది. ఒక్కోసారి మరీ గట్టిగా ఉండేవి. "పళ్ళూడేట్టున్నాయి అత్తమ్మా" అని కృష్ణయ్య ఆటపట్టించేవాడు. ఇంకా చంటిపిల్లననుకుంటోంది అమ్మ, అని సారా నవ్వుకునేది.

వేమూరు దాటాక ఆ నవ్వు గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఇల్లు పోయినేడు చూసినట్టే ఉంది. వదిన సుశీల వాకిట్లోకి ఎదురొచ్చి, సారా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "నీ కోసమే చూస్తున్నా. ఈయనగారు సమాధి రంగులూ, కుర్చీల అద్దెలూ అంటూ ఊరంతా తిరుగుతున్నారు. వంటల సంగతి మాత్రం నా నెత్తినే" అంది ఒక్క గుక్కలో. తర్వాత ఏదో చెప్పబోయి ఆగింది. సారా మొహంలోకి చూసి, "ఏం అన్నాడు మీ అన్నయ్య?" అని అడిగింది.

"ఆదివారం నిలబడి ఒప్పుకోమన్నాడు వదినా. అమ్మ కోరికంట."

సుశీల పొయ్యి మీద ఎసరు చూసే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడంలో ఏదో ఉందని సారాకి అనిపించింది గానీ, అప్పటికి అడగలేదు.

సాయంత్రం బర్నబాస్ చెల్లెల్ని అరుగు మీద కూర్చోబెట్టి, అనాల్సిన మాట నేర్పాడు. బడిపంతులు గదా, చెల్లెలి చేత కూడా పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"దేవునికీ, సంఘమునకూ విరోధముగా నేను చేసికొనిన వివాహము నిమిత్తము పశ్చాత్తాపపడుచున్నాను. అను."

"దేవునికీ, సంఘమునకూ విరోధముగా నేను చేసికొనిన..." ప్రతిసారీ అక్కడికొచ్చి ఆగిపోయేది సారా. కృష్ణయ్య పెరట్లో సామియానా గుంజలకి గుంటలు తవ్వుతున్నాడు. గడ్డపలుగు చప్పుడు అరుగు మీదికి వినిపిస్తోంది. ఆ మాటలూ అక్కడికి వినిపిస్తూనే ఉంటాయి.

"వివాహము నిమిత్తము. మళ్ళీ అను" అన్నాడు బర్నబాస్.

శనివారం పొద్దున సుశీల నానబెట్టిన ఎండుద్రాక్ష గిన్నె తెచ్చి ఆడబిడ్డ ముందు పెట్టింది. "ఏడాదిగా నేనే చేస్తున్నా. నా రొట్టె ఒకసారి చెక్కలాగా వస్తుంది, ఒకసారి పచ్చిగా ఉంటుంది. ఎవరూ ఏమీ అనరు, కానీ నమిలేటప్పుడు అందరికీ అత్తయ్య గుర్తొస్తుందని నాకు తెలుసు. ఆమె ఏడాది కూడికకి ఆమె చేతి రొట్టె ఉండాలి. ఆ చెయ్యి నీకే వచ్చింది. నువ్వు చెయ్యి."

"నేనా? నేను చెయ్యొచ్చా వదినా?"

"తలంటు పోసుకున్నావుగా. చెయ్యి."

సారా ద్రాక్షని చేత్తో పిసికింది. నల్లటి రసం వేళ్ళ సందుల్లోంచి కారింది. పల్చటి గుడ్డలో పోసి, మెలితిప్పి పిండి, సన్నటి సెగ మీద పెట్టింది. అది కాగేలోగా గోధుమపిండి జల్లించింది. ఉప్పు వెయ్యకూడదు, పొంగేది ఏదీ కలపకూడదు. గోరువెచ్చని నీళ్ళు చిలకరిస్తూ కలిపి, పీట మీద వేసి అరచేతి మడమతో నొక్కింది. అమ్మ ఇట్టా నొక్కుతూ ఏదో గొణిగేది. ఒక్కో నొక్కుకి ఒక్కో పేరు. సంఘంలో ఉన్న ఇళ్ళన్నీ వరసగా చెప్పుకుంటూ, జబ్బుపడ్డవాళ్ళనీ, బాకీలున్నవాళ్ళనీ, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నవాళ్ళనీ పిండిలో కలిపేసేది. సారా ఆ ఇళ్ళ వరస సగం మర్చిపోయింది. గుర్తున్నంత వరకూ చెప్పుకుంది.

తల్లి ఈడు మాణిక్యమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలో కూలబడింది. చర్చిలో ఇన్నేళ్ళూ సామ్రాజ్యమ్మ పక్కన చాప మీద కూర్చున్నది ఆమే. సారా చేతుల వంక చూసింది. "అచ్చం అదే నొక్కుడు" అని కళ్ళొత్తుకుంది.

రొట్టె పెనం మీద వేసి, మడిచిన గుడ్డతో నెమ్మదిగా అద్దుతూ, మాడకుండా పచ్చి లేకుండా కాల్చి, పీట మీదికి దించింది సారా. కత్తి పెట్టి ఒక పక్క అంచు కోసింది. సరిగ్గా అప్పుడే వచ్చాడు యోబు.

యోబు సంఘపెద్ద. చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో చావు జరిగినా ముందు పాడె కట్టే మనిషి. కానీ నియమం అంటే నియమమే. రొట్టె, రసం తీసుకెళ్ళి చర్చిలో పెడదామని వచ్చి, పీట ముందు ఎవరున్నారో చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇదేంటమ్మా సుశీలా? బల్ల మీదికి పోయే రొట్టె ఈ పిల్ల చేత చేయిస్తావా? రేపు ఒప్పుకున్నాక అయితే నేనే అడిగి చేయించుకుంటా. ఇవాళ ఆ చెయ్యి పడకూడదు. నీకు తెలీదా?"

సారా కత్తి పక్కన పెట్టేసింది. రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుంది. తప్పు చేసి దొరికిన పిల్లలా కూర్చుంది. ఆ కూర్చోవడం చూసింది సుశీల. అంతే, ఇక ఆగలేదు.

"చెయ్యా! యోబన్నయ్యా, చెయ్యి గురించి మీరు మాట్లాడబాకండి. పదేళ్ళు మీరు తిన్నది ఎవరి చేతి రొట్టె?"

"సామ్రాజ్యమ్మది. ఆమె మాట వేరు."

"ఏం వేరు? ఈ పిల్లని బల్లకి దూరం పెట్టిన రోజునించి ఆమె ఒక్కసారన్నా లేచి బల్ల దగ్గరికొచ్చిందా? మీరు చూశారా? శనివారం చేత్తో చేసింది, ఆదివారం మీ అందరికీ పంపింది. తను చాప మీంచి కదల్లేదు. చచ్చిపోయేదాకా కదల్లేదు. సంఘం మొత్తానికి తెలుసు. మా ఆయనకి తెలుసు. నాకు తెలుసు. ఈ పిల్లకే తెలీదు!"

పొయ్యి మీద ద్రాక్షరసం బుడగలు చిటపటలాడాయి. మాణిక్యమ్మ చెయ్యి చాపి గిన్నె దించింది.

"ఏంటి వదినా?" అంది సారా. "అమ్మ బల్ల పుచ్చుకోలేదా?"

"లేదమ్మా."

"పదేళ్ళూనా?"

సుశీల తల ఊపింది. మాణిక్యమ్మ అందుకుంది. "నీ పేరు చదివిననాడు నేను మోచేత్తో పొడిచా, మాట్లాడవేంటే వదినా అని. మాట్లాడలా. ఆ వెంటనే బల్లకి రమ్మన్నారు. అందరం లేచాం. తను లెగవలా. 'నా పిల్ల మోకాళ్ళెయ్యని చోట నాకేం పనే' అంది. అంతే. తిట్టలా, అరవలా. మళ్ళీ శనివారం రొట్టె చేసింది."

"ఆ పంతం మానుకోమని చెప్పాం" అన్నాడు యోబు. అతని గొంతు తగ్గింది. "అయ్యగార్లు చెప్పారు, నేను చెప్పా. వినలేదు."

"ఎట్టా ఉంటన్నావే బల్ల లేకుండా అని నేనే ఒకసారి అడిగా" అంది మాణిక్యమ్మ. "అంత భక్తిపరురాలు. నలతగా ఉన్నా ప్రార్థన మానని మనిషి. 'లేకుండా ఎక్కడున్నా వదినా? సోమవారం రేపల్లెలో పుచ్చుకుంటన్నాగా' అంది. అక్కడేదో చర్చికి పోతందేమో అనుకున్నా."

సారా పీట మీది రొట్టె వంక చూసింది. కోసిన అంచు పక్కకి పడి ఉంది. చాప, తెల్ల గుడ్డ మూట, కళ్ళు మూసుకుని అమ్మ గొణిగే ప్రార్థన, ముందు అల్లుడికి, తర్వాత తనకి, చివర తనో ముక్క. పళ్ళూడేట్టున్నాయి అత్తమ్మా. ఎన్ని నెలలు, ఎన్ని సోమవారాలు! ఇంకా చంటిపిల్లననుకుంటోందని నవ్విన నవ్వు ఇప్పుడు గుండెల్లో గుచ్చుకుంది. "అమ్మా" అని పెద్దగా ఏడ్చింది. ఏడాది కింద మట్టి వేసినప్పుడు కూడా అట్లా ఏడవలేదు. సుశీల ఆమె తల తన ఒళ్ళోకి లాక్కుంది.

యోబు గుమ్మంలో అటూ ఇటూ కదిలాడు. "అయ్యగార్ని అడిగొస్తా" అని వెళ్ళాడు.

"అడుగు. నువ్వడిగొచ్చేలోగా రొట్టె ఆరిపోద్ది" అని మాణిక్యమ్మ వెనకనించి కేకేసింది. "కొయ్యవే పిల్లా. కన్నీళ్ళు పడకుండా కొయ్యి. దాన్లో ఉప్పు ఉండకూడదు."

సారా కళ్ళు తుడుచుకుని మిగతా మూడు అంచులూ కోసింది.

అయ్యగారు పొద్దు వాలుతుండగా తనే వచ్చారు. ఆ సంఘానికి కొత్తగా వచ్చిన మనిషి. గుడ్డ కప్పిన పళ్ళెం ముందు నిలబడి యోబుతో, "రొట్టె చేసిన చెయ్యి ఎవరిదో అడగమని నాకు ఎవరూ నేర్పలేదండి. తీసుకెళ్దాం" అన్నారు. తర్వాత సారా వైపు తిరిగారు. "రేపటి సంగతి బర్నబాస్‌గారు చెప్పారు. సిద్ధంగా ఉన్నావా అమ్మా?"

బర్నబాస్ అప్పుడే సమాధి దగ్గరనించి వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేతులకి ఇంకా సున్నం ఉంది. సారా అయ్యగారికి జవాబు చెప్పకుండా అన్నని చూసింది.

"అన్నయ్యా, నేను నిలబడి ఒప్పుకోవాలని అమ్మ అందా?"

బర్నబాస్ సుశీలని చూశాడు. సుశీల తల తిప్పుకోలేదు. మాణిక్యమ్మ కూడా అతన్నే చూస్తోంది. పెరట్లో కృష్ణయ్య గుంజ పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

"అనలేదు" అన్నాడు బర్నబాస్.

"మరి?"

"ఏం చెయ్యమంటావే నన్ను?" అతను సున్నం చేతులు చూసుకున్నాడు. "ప్రతి మొదటి ఆదివారం ఆమెని దాటుకుంటూ పోయి మోకాళ్ళేశాను. తిరిగొచ్చేటప్పుడు నన్ను చూసి నవ్వేది. ఒక్కనాడు కోపంగా చూసినా బాగుండేది. చెల్లెలి పేరు చదువుతుంటే అమ్మ నోరు మూసుకుందని అందరూ అన్నారు గానీ, నేనూ అక్కడే ఉన్నానే. నేనూ నోరు మూసుకున్నా. నువ్వు ఎట్టాగోట్టా బల్ల దగ్గరికొచ్చేస్తే ఆ లెక్క తీరిపోద్దనుకున్నా."

సారాకి అన్న మీద జాలేసింది. కోపం రాలేదని చెబితే అబద్ధం. రెండూ వచ్చాయి.

"అయ్యగారూ" అంది. "నేను రేపు చర్చికి వస్తానండి. మా అమ్మ కూర్చున్న చోట కూర్చుంటాను. ఆ మాట మాత్రం అననండి. మా ఆయన్ని చేసుకోవడం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. మా అమ్మకీ అనిపించలేదు."

అయ్యగారు పళ్ళెం మీది గుడ్డ సర్దారు. "ఆ మాట లేకుండా బల్లకి పిలవలేనమ్మా. అది నా ఒక్కడి చేతిలో లేదు. కూర్చోవద్దని మాత్రం ఎవరూ అనరు. నేను అననివ్వను" అన్నారు.

"చాలండి."

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. సారా ముసుగేసుకుని లోపలికి వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు కిటికీ పక్కన ఒక మనిషి పట్టేంత చాప ఖాళీగా ఉంది. అంత జనంలోనూ అక్కడ ఎవరూ కూర్చోలేదు. మాణిక్యమ్మ ఆ చోటు చేత్తో తట్టి చూపించింది. కృష్ణయ్య బయట మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

బర్నబాస్ తల్లి జీవితం చెప్పాడు. పుట్టిన ఊరు, పెళ్ళి, ముగ్గురు బిడ్డల్లో ఒకణ్ణి పోగొట్టుకోవడం, వేమూరు పొలాల్లో నాట్లేసి పిల్లల్ని చదివించుకోవడం. బాగా రాసుకుని వచ్చాడు. చివరికొచ్చేసరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకా ఉంది. నాకు చెప్పడానికి రావట్లేదు" అని కూర్చున్నాడు.

బల్లకి పిలుపు వచ్చింది. ముందు సంఘపెద్దలు వెళ్ళాలి. యోబు లేచాడు. మిగతా ఇద్దరు లేచారు. బర్నబాస్ కూడా సంఘపెద్దే, కానీ కుర్చీలో తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. యోబు ఒక్క క్షణం ఆగి చూసి, ముందుకు వెళ్ళిపోయాడు. మగవాళ్ళ తర్వాత ఆడవాళ్ళ వరసలు కదిలాయి. సుశీల లేచి, సారా భుజం మీద చెయ్యి వేసి నొక్కి వెళ్ళింది. సారా కదల్లేదు. అమ్మకి ఇక్కడినించి ఏం కనిపించేదో చూసింది. మోకాళ్ళేసిన వాళ్ళ వీపులు, పీఠం మీద తెల్ల గుడ్డ. ఆ గుడ్డ అంచు కుట్టు ఎవరిదో సారాకి దూరంనించే తెలిసింది. అట్లాంటి సన్నటి మడత కుట్టు కృష్ణయ్య మిషనుదే. అమ్మ ఏనాడు కుట్టించుకుని తెచ్చిందో, ఎవరికి ఏం చెప్పిందో!

తిరిగొస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే కిటికీ పక్క ఆగి, వంగి, సారా చేతిని తాకి వెళ్ళారు. మాణిక్యమ్మ చివర వచ్చి పక్కన చతికిలబడుతూ, "మీ అమ్మకీ ఇట్టాగే చేసేవాళ్ళం" అని చెవిలో చెప్పింది.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక జనం భోజనాలకి సామియానా వైపు వెళ్ళిపోయారు. సారా వెళ్ళలేదు. కొంగున కట్టుకున్న ముడి విప్పింది. నాలుగు అంచులు. రాత్రంతా ఆరి బిరుసెక్కాయి. కొత్త సున్నం వాసన వేస్తున్న గట్టు పక్కన నేల మీద కూర్చుని, కళ్ళు మూసుకుంది. అమ్మ ప్రార్థనలో మాటలేమిటో ఎప్పుడూ సరిగ్గా వినలేదు. తనకి వచ్చిందేదో చెప్పుకుంది.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా బర్నబాస్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ పంచె నలిగిపోతుందని కూడా చూసుకోకుండా మట్టిలో కూర్చున్నాడు. అరచెయ్యి చాపాడు.

"నాకూ పెట్టవే."

సారా అంచు తుంచింది. అతని చేతిలో పెట్టబోయింది. బర్నబాస్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అమ్మ ఎవరికి ముందు పెట్టేది?"

"ఆయనకి."

బర్నబాస్ ప్రహరీ వైపు తిరిగాడు. కృష్ణయ్య చెప్పులు చేత్తో పట్టుకుని గేటు బయటే నిలబడి ఉన్నాడు.

"బావా" అని పిలిచాడు బర్నబాస్. "రండి. లోపలికి రండి."

కృష్ణయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచారనుకుని. వెనక ఎవరూ లేరు. చెప్పులు అక్కడే వదిలి, లోపలికొచ్చి, పక్కన గొంతుక్కూర్చున్నాడు. సారా ముందు అతని చేతిలో పెట్టింది. తర్వాత అన్న చేతిలో. చివరి ముక్క తను నోట్లో వేసుకుంది.

అంచు గట్టిగా ఉంది. నమలడానికి ముగ్గురికీ చాలాసేపు పట్టింది.